ఎడాపెడా నర్సింగం తీర్పులు

గోదావరిఖని మెయిన్ చౌరస్తా నుంచి గోదావరి వంతెన దాకా పొద్దున్నే నడిచేవాళ్లలో ఒకాయన కాళ్లు చూసి జనం నవ్వుకుంటారు. ఎడమ కాలికి నల్ల బూటు, కుడి కాలికి గోధుమరంగు బూటు. ఒక్కోసారి ఒక కాలికి బూటు, రెండో కాలికి చెప్పు. మతిలేని మనిషి కాడు, తాగి వచ్చిన మనిషి అసలే కాడు. బొగ్గుగనిలో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరైన నర్సింగం ఆయన. ఊరు ఆయనకు ఎడాపెడా నర్సింగం అని పేరు పెట్టింది. రెండు కాళ్లకూ రెండు రకాలు తొడుగుతాడని కొందరు, నచ్చని సరుకును ఎడాపెడా వాయిస్తాడని కొందరు ఆ పేరుకు అర్థం చెప్పుకుంటారు. రెండూ నిజమే.

ఈ రోజుల్లో మనం వస్తువును చూసి కొనం, ఫోనులో స్టార్లు చూసి కొంటాం. ఆ స్టార్లు ఎవరు వేశారో మనకు తెలియదు. డబ్బా విప్పిన పూటే ‘సూపర్’ అని రాసేసి చేతులు దులుపుకునేవాళ్లు సగం మంది. రెండొందల చెప్పును రెండు వేల బూటు పక్కన పెట్టి పెదవి విరిచేవాడు ఉంటాడు. కొరియర్ ఆలస్యమైందన్న కోపాన్ని మిక్సీ మీద తీర్చుకునేవాడూ ఉంటాడు. ఇవన్నీ చదివి, బుర్ర గోక్కుని, చివరికి రంగు బాగుందని కొంటాం. నర్సింగానికి ఈ తంతు అంటే ఒళ్లుమంట. ఆయన కోపం న్యాయమైన కోపం. అందుకే ఆయన కథ చెప్పాలనిపిస్తుంది, చెబుతుంటే నోరు చేదవుతుంది.

పోల్చడం ఆయనకు గనిలోనే అబ్బింది. బొగ్గు ఎత్తే పారలు, గని భాషలో చెమ్మస్‌లు స్టోరు నుంచి రెండు రకాలు వచ్చేవి. ఏది మంచిదని మిగతావాళ్లు గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. నర్సింగం వాదించేవాడు కాదు. సగం టబ్బు ఒక చెమ్మస్‌తో నింపేవాడు, మిగతా సగం రెండోదాంతో నింపేవాడు. అదే బొగ్గు, అదే చెయ్యి, అదే షిఫ్టు. నెల తిరిగాక రెండింటి అంచులూ పక్కపక్కన పెట్టి చూపించేవాడు. ఆ తర్వాత వాదన ఉండేది కాదు. “ఇద్దరు మనుషులు రెండు వాడితె తెలిసేది మనుషుల గురించి. ఒక్కడు రెండు వాడితెనే వస్తువు గురించి తెలుస్తది” అనేవాడు. చదువుకున్నవాళ్లకు కూడా తట్టని మాట అది.

గనిలో ఆయనకు ఒక దెబ్బ తగిలింది. తొంభై ఎనిమిదిలో పక్క గోడ నుంచి బొగ్గు పెళ్ల ఊడి ఎడమ మోకాలి మీద పడింది. మూడు నెలలు కంపెనీ దవాఖానలో పడి ఉన్నాడు. డాక్టర్ల బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే గని పైన కూర్చునే పనికి వేస్తారు. జీతం తగ్గడం ఒక బాధ, కుంటి నర్సింగం అనిపించుకోవడం అంతకన్నా పెద్ద బాధ. దవాఖాన వరండాలో గోడ పట్టుకోకుండా నడవడం సాధన చేశాడు. పళ్లు బిగబట్టి, వంగకుండా, ఒరగకుండా, అడుగు తర్వాత అడుగు. బోర్డు ముందు అలాగే నడిచాడు. ఫిట్ అని రాశారు. ఆ రోజు నుంచి ఆయనకు ఆ దెబ్బ లేదు. తగలనే లేదన్నట్టు మళ్లీ ఇరవై రెండేళ్లు గనిలోకి దిగాడు. ఎవరైనా మోకాలి సంగతి ఎత్తితే మాట మార్చేవాడు. కొన్నాళ్లకు ఎత్తేవాళ్లు కూడా లేకపోయారు.

రిటైరయ్యాక నాలుగు నెలలు పిచ్చెక్కినట్టు అయింది. సైరన్ మోగగానే లేచి కూర్చునేవాడు, వెళ్లడానికి చోటు లేదు. ఆయన భార్య అనసూర్య ఆ బాధ చూడలేక ఒక పని చూపించింది. ఒకరోజు ఊళ్లో చేసిన చెప్పులు, కంపెనీ చెప్పులు తెచ్చి ముందు పడేసింది. “గిండ్ల ఏది మంచిదో చెప్పు. ఊకె గోడ దిక్కు చూడకు” అంది. ఆయన ఎడమ కాలికి ఒకటి, కుడి కాలికి ఒకటి వేసుకుని వంతెన దాకా నడిచి వచ్చాడు. గోడకున్న క్యాలెండర్లో ఆ తేదీ మీద గీత గీశాడు. గనిలో ఒక రోజు హాజరును మస్టరు అంటారు. ఆయనకు మళ్లీ మస్టరు పడింది.

అలా పుట్టింది ‘వంద మస్టర్లు’ అనే ఆయన ఛానెల్. ఏ వస్తువునైనా వంద రోజులు వాడి, నూట ఒకటో రోజున మాట్లాడతాడు. ఫోను పట్టుకునేది అనసూర్య. ఎవరి దగ్గరా ఊరికే ఏదీ తీసుకోడు. సొంత పైసలతో అనసూర్యే కొని తెస్తుంది. వంద రోజులూ ధర తనకు తెలియకుండా భార్య బిల్లు దాచిపెడుతుంది. ధర తెలిస్తే కన్ను తప్పు చూస్తుందట. ముందు మంచిదా కాదా తేల్చి, అప్పుడు బిల్లు అడిగి, గిట్టుబాటా కాదా చెబుతాడు. “మంచిది వేరు, గిట్టేది వేరు. మంచిదంటె వస్తువు గుణం. గిట్టేదంటె నీ బతుకు గుణం” అనేవాడు. ఎండలు మొదలవుతూనే రామగుండం చుట్టుపక్కల జనం కూలర్ల కోసం ఎగబడతారు. అప్పుడు ఆయన చెప్పిన మాట ఎంతమందికి పనికొచ్చిందో లెక్కలేదు. “క్వార్టర్ల ఉన్నోడు పెద్ద మోటరు కూలరు మస్తున్నదని చెప్తడు. ఎందుకు చెప్పడు? వాని కరెంటు కంపెనీ చూసుకుంటది. నువ్వు బయట కిరాయికి ఉన్నవు, మీటరు నీది. వాని మాట ఇని కొన్నవనుకో, వాడు చల్లగుంటడు, నువ్వు బిల్లు చూసి చెమటలు పడ్తవు. చెప్పేటోడు యాడ నిలవడి చెప్తున్నడో ముందు చూడాలె” అన్నాడు.

అంత తెలిసిన మనిషి. ఇంకొకడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో అంత బాగా చూసిన మనిషి. తాను ఏ కాలి మీద నిలబడ్డాడో చూసుకోలేదు.

మొగిలి సంగతికి వస్తాను. మొగిలి తాతది తోలు పని. తండ్రి గనిలో చేరాడు. మొగిలికి గనిలో ఉద్యోగం రాలేదు, మళ్లీ తాత పనికే వచ్చి కూర్చున్నాడు. పాత గని గేటు ఎదుట రేకుల డబ్బా ఆయన దుకాణం. పై భాగం తోలు, అడుగు లారీ టైరు, కుట్టు చేతి కుట్టు. చూడటానికి మోటుగా ఉంటుంది ఆ బూటు. కంపెనీ బూట్లు తెగితే కార్మికులంతా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. నర్సింగం కూడా ఇరవై ఏళ్లు అక్కడే కుట్టించుకున్నాడు. అన్నా అంటే తమ్మీ అనుకునే చనువు ఇద్దరికీ.

మట్టి తీసే కాంట్రాక్టరు వీరేందర్ దగ్గర రెండొందల మంది పనిచేస్తారు. వాళ్లందరికీ బూట్లు కొనాల్సి వచ్చింది. మొగిలి దగ్గర చేయించాలా, చౌరస్తాలో కొత్తగా తెరిచిన షోరూములో కొనాలా అని తేల్చుకోలేక వీరేందర్ నర్సింగం ఇంటికి వచ్చాడు. “కాకా, నువ్వు ఏది చెప్తె గదే. నూరు దినాలు ఆగుత” అన్నాడు. మొగిలికి ఆ మాట చేరింది. రెండొందల జోళ్లంటే ఆయన బతుకులో ఎన్నడూ చూడని పని. ఇద్దరు కుట్టేవాళ్లను మాట్లాడుకున్నాడు, యాభై జోళ్లకు సరిపడా తోలు తెచ్చి పెట్టుకున్నాడు. రేకుల డబ్బా తీసేసి గది కట్టుకుందామని భార్య రాజకుమారితో అన్నాడట. ఇదంతా నర్సింగం చెప్పబోయే ఒక్క మాట మీద ఉంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

దసరా వెళ్లిన మర్నాడు పరీక్ష మొదలైంది. కుడికాలికి మొగిలి బూటు, ఎడమ కాలికి షోరూము బూటు. ఆయన పద్ధతి మొదటి నుంచీ అదే. మనవాడు చేసింది కుడికాలికి, బయటినుంచి వచ్చింది ఎడమ కాలికి. కొత్త ఇంట్లోకి కుడికాలు పెట్టి వెళ్తాం కదా, మనవాడి సరుకుకు ఆ మాత్రం మర్యాద చేయాలని ఆయన ఉద్దేశం. వీడియోలో కూడా చెప్పాడు. “మొగిలి మనోడు. అందుకే కుడికాలికి ఇచ్చిన. గంతకు మించి మొగిలికి ఏం ఎక్కువ లేదు, తక్కువ లేదు” అన్నాడు. అది చూసి జనం చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ముప్పై అయిదో రోజున వంతెన నుంచి తిరిగి వస్తుంటే మొగిలి దుకాణం ముందు అనసూర్య వీడియో తీస్తోంది. మొగిలి లేచి వచ్చి నర్సింగం పాదాల వంక చూశాడు. కొంచెం నసిగి అన్నాడు. “అన్నా, నెల దాటింది గదా. జర కాళ్లు మార్చి తొడుగరాదు?”

“మార్చుడేందిర, ఎడమ కాలి బూటు కుడికాలికి పడ్తదా?”

“నా దగ్గర రెండు కాళ్లవి ఉన్నయ్. షోరూముల గూడ జోడే కొన్నవు గదా. ఇవి ఇడిచి అవి తొడుగు. అంతే.”

నర్సింగం కెమెరా వంక చూసి నవ్వాడు. “చూసిండ్రా. ఆట సగంల రూలు మార్చుమంటున్నడు మా తమ్ముడు. మార్చేది లేదు. నూరంటె నూరే” అన్నాడు. చూస్తున్నవాళ్లూ నవ్వారు. మొగిలి కూడా నవ్వినట్టు చేసి లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

డెబ్బై ఒకటో మస్టరుకు మొగిలి బూటు మడమ దగ్గర కుట్లు తెగి అడుగు ఊడింది. నర్సింగానికి ఆ పూట అన్నం సహించలేదు. మొగిలి గెలవాలని ఆయన మనసులో ఉంది, లేదంటే అబద్ధం. కానీ మనసులో ఉన్నదాన్ని నోటికి రానివ్వకపోవడమే న్యాయమని నమ్మిన మనిషి. కుడికాలికి ఏదో పాత చెప్పు వేసుకుని వంద పూర్తి చేశాడు. షోరూము బూటు చెక్కుచెదరలేదు. బిల్లు తెమ్మన్నాడు. మొగిలి జోడు ఎనిమిది వందలు, షోరూము జోడు పన్నెండు వందలు. “ధర ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఆయుష్షు అంతకన్న ఎక్కువ. మొగిలి నా తమ్ముని లెక్క. అయినా చెప్తున్న, మొగిలి జోడు గిట్టది” అన్నాడు. చెబుతుంటే గొంతు వణికింది. ఆ వణుకే జనానికి నచ్చింది. సొంతవాడని కూడా చూడలేదు, మనిషంటే ఇట్ల ఉండాలె అని మందమర్రి నుంచి నస్పూర్ దాకా ఆ వీడియో తిప్పారు.

వీరేందర్ ఆ వారమే షోరూముకు ఆర్డరు ఇచ్చాడు. మొగిలి తెచ్చుకున్న తోలును వచ్చిన ధరకు అమ్ముకున్నాడు. కార్మికులు బూట్లు కుట్టించుకోవడానికి రావడం కూడా తగ్గింది. ఎడాపెడా నర్సింగమే గిట్టదన్న చేతి కుట్టును ఎవరు నమ్ముతారు? ఎండాకాలం రాకముందే రేకుల డబ్బా మూతపడింది. కుట్టు మిషను, కాళ్ల అచ్చులు పెద్దపల్లి నుంచి వచ్చిన ఎవరో కొనుక్కుపోయారు. మొగిలి వీరేందర్ దగ్గరే గేటు కాపలా పనికి కుదిరాడు. ఎదురుపడితే నర్సింగానికి నమస్తే పెట్టేవాడు, ఆగేవాడు కాదు. నర్సింగం బాధపడ్డాడు, కానీ తప్పు చేశానని అనుకోలేదు. నిజం చెప్పినవాడికి ఇలాంటివి తప్పవని భార్యతో ఒకటికి రెండుసార్లు అన్నాడు. 

ఆ తర్వాత తనకోసం షోరూము బూట్ల కొత్త జోడు కొనుక్కున్నాడు. పరీక్ష కోసం కాదు, వేసుకోవడానికి. మంచిదని తానే చెప్పాడు కదా. బతుకులో చాలా కాలం తర్వాత రెండు కాళ్లకూ ఒకే రకం. క్యాలెండర్లో గీతలు మాత్రం అలవాటుకొద్దీ గీస్తూనే ఉన్నాడు.

యాభై రెండో గీత నాడు కుడి బూటు అడుగు మడమ పక్కన విచ్చుకుంది. ఎడమది కొత్తదానిలాగే ఉంది.

ముందు షోరూము వాళ్లను తిట్టాడు. ఒకటి మంచిది ఒకటి నాసిరకం కలిపి అంటగట్టారనుకున్నాడు. తర్వాత గడప మీద కూర్చుని రెండు బూట్లూ తిరగేసి చూశాడు. చూసి చూసి లేచి, మంచం కింది గోనెసంచి బయటికి లాగాడు. పరీక్ష చేసిన ప్రతి చెప్పునూ బూటునూ అందులో దాచిపెట్టేవాడు, ఎవరైనా సాక్ష్యం అడిగితే చూపించడానికి. వాటిని నేల మీద కుప్పపోసి, కుడివి ఒక పక్క, ఎడమవి ఒక పక్క పేర్చాడు. నాలుగేళ్లలో పదకొండు పరీక్షలు. కుడివైపు పదకొండూ అరిగి, తెగి, ఒరిగి ఉన్నాయి. ఎడమవైపు పదకొండూ మళ్లీ తొడుక్కోవచ్చు. పదకొండుసార్లూ మనవాళ్ల సరుకు ఓడింది. పదకొండుసార్లూ ఆయన నిజాయితీగా తీర్పు చెప్పాడు.

అనసూర్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆయన తల ఎత్తకుండానే అడిగాడు. “నేను కుంటుకుంట నడుస్తనా?”

 ఆమె దాచలేదు. “కుంటవు. బయటోళ్లకు కనవడదు గానీ, ఒంటి బరువంత కుడికాలు మీదనే ఏస్తవు. దవాఖాన నుంచి వచ్చిన దినం సంది గంతే.”

“నాకెందుకు చెప్పలే?”

“ఎట్ల చెప్పాలె? మోకాలు ముచ్చటెత్తితె పళ్లెం ఇసిరేసి లేచిపోతివి. పాతికేండ్లు ఇంట్ల ఎవ్వరం ఆ మాట అనలే. బూట్లు గిట్ల తెగుతయని నాకు మాత్రం ఏమెరుక?”

యాభై రెండు, డెబ్బై ఒకటి. ఒకే కాలు, ఒకే రోడ్డు, ఒకే మనిషి. మొగిలి బూటు ఆ కాలికి డెబ్బై ఒక్క రోజులు ఓర్చుకుంది. షోరూముది యాభై రెండు రోజులకే నోరు తెరిచింది. మొగిలిది మంచిది, పైగా చవక. ఆయన అడిగినా అడగకపోయినా ఆయన లెక్కే ఆయనకు ఆ మాట చెప్పింది. ఇంత సిగ్గు తన బతుకులో ఎప్పుడూ పడలేదు. బోర్డు ముందు అన్‌ఫిట్ అనిపించుకున్నా ఇంత సిగ్గుండేది కాదు.

మర్నాడు ఎండ ముదరకముందే వీరేందర్ యార్డుకు వెళ్లాడు. మొగిలి గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఒంటి మీద కాపలావాళ్ల నీలం చొక్కా, కాళ్లకు షోరూము బూట్లు. వీరేందర్ రెండొందల మందికి ఇచ్చిన వాటిలోవే. నర్సింగం వాటిని చూసీ చూడనట్టు తల తిప్పుకున్నాడు. నిలబడే మొత్తం చెప్పాడు. యాభై రెండు సంగతి, గోనెసంచి సంగతి, మోకాలి సంగతి. 

“నాకు ఎరుకనే అన్నా” అన్నాడు మొగిలి. “ఇరవై ఏండ్లు నీ బూట్లు కుట్టిన. మనిషి ఎట్ల నడుస్తడో మడమ చూస్తె తెల్వదా. నీ కుడి బూటు నా దగ్గరికొచ్చినప్పుడల్ల మడమ కింద ఒక ముక్క ఎక్కువేసి కుట్టెటోన్ని. నువ్వు అడగకపోతివి, నేను చెప్పకపోతి.”

“మరి పరీక్షకు ఇచ్చినదాంట్ల ఆ ముక్క ఎందుకు ఎయ్యలే?”

“ఎట్లేస్త? ఆ రెండొందల మందికి ఏ జోడు ఇస్తనో గదే నీకియ్యాలె. నీ కాలు సంగతి ఎరుకై ముక్క కలిపితె గది మోసమైతది.”

నర్సింగం గేటు ఊచ పట్టుకున్నాడు. న్యాయం అంటే ఏమిటో నాలుగేళ్లు ఫోనులో జనానికి చెప్పినవాడు ఆయన. చేసి చూపించినవాడు ఈ కుర్చీలో కూర్చున్నాడు.

“ముప్పై అయిదో దినం కాళ్లు మార్చుమన్నవు. అప్పుడన్న నా మోకాలు సంగతి మొఖం మీద అనకపోయినవా తమ్మీ?”

“పది మంది ముంగట నిన్ను కుంటోడని ఎట్లంట?” అన్నాడు మొగిలి. “ఇంకోటి గూడ ఉన్నది. నీ కాలు సంగతి నీకే ఎరుక లేదని నాకు తెల్వదు. తెలిసే నా బూటు ఆ కాలికి పెట్టుకున్నవనుకున్న. షోరూమోళ్లు నీకేమన్న ఇచ్చిండ్రనుకున్న.”

“నేను ఒక్క పైస ముట్టలే మొగిలీ.”

“ఇప్పుడు నమ్ముతున్న. తీసుకున్నా బాగుండె అన్నా. గప్పుడు నిన్ను తిట్టుకోని సప్పుడు చెయ్యకుండుదును. ఇప్పుడు ఎవర్ని తిట్టాలె?”

 మళ్లీ దుకాణం పెట్టుకో, వీడియో చేసి అందరికీ చెబుతాను అన్నాడు నర్సింగం. అచ్చులు లేవు, మిషను లేదు, కూర్చుంటే పని వస్తుందన్న ధైర్యం అంతకంటే లేదు అన్నాడు మొగిలి. ఆ మాట కోపంగా కూడా అనలేదు. ఇంతలో టిప్పరు హారన్ కొట్టింది. గేటు తీయడానికి లేచి వెళ్లాడు.

నర్సింగం ఇంటికి వచ్చి వీడియో చేశాడు. రెండు కుప్పలూ చూపించాడు, మోకాలు చూపించాడు, వంతెన రోడ్డు మీద తాను నడుస్తుంటే వెనకనుంచి తీయమని అనసూర్యకు చెప్పాడు. పాతికేళ్లు దాచుకున్న కుంటినడకను జనం మధ్య నడిచి చూపించాడు. మొగిలి జోడు గురించి తాను చెప్పింది తప్పని, అది షోరూము జోడు కన్నా మంచిదీ గిట్టేదీ అని విడమరిచి చెప్పాడు. మొదటి వీడియోను వేలమంది చూశారు. దీన్ని చూసింది రెండు వందల పద్నాలుగు మంది. కింద ఒకడు ‘మొగిలి ఎంత ఇచ్చిండు కాకా’ అని రాశాడు. దానికి ముప్పై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. వీరేందర్ ఫోను చేసి, కాకా నీది పెద్ద మనసు, అయినా వచ్చే ఏడాది దాకా బూట్ల అవసరం లేదు అన్నాడు. అనసూర్య పాత వీడియోను తీసేసింది. అంతటితో అది పోయిందనుకున్నారు ఇద్దరూ.

వారం తర్వాత చౌరస్తాలో వెళ్తుంటే తన గొంతు తనకే వినిపించింది. షోరూము అద్దాల వెనక పెద్ద టీవీ పెట్టారు. అందులో నర్సింగం. “మొగిలి జోడు గిట్టది” అంటున్నాడు. గొంతు వణుకుతోంది. మళ్లీ మొదటినుంచి వస్తోంది, మళ్లీ వణుకుతోంది. నర్సింగం లోపలికి వెళ్లి మేనేజరును అడిగాడు. రవికాంత్ అని, ముప్పై ఏళ్ల మర్యాదస్తుడు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆఫీసరు గారబ్బాయి. కుర్చీ వేయించి మంచినీళ్లు తెప్పించాడు.

“అది తప్పు వీడియో బాబూ. నేనే తీసేసిన. మీరు బంద్ పెట్టాలె” అన్నాడు నర్సింగం.

“మీ రెండో వీడియో చూశానండి అంకుల్. నాకూ బాధేసింది” అన్నాడు రవికాంత్. “కానీ ఇది ఇప్పటికే ఊరందరి ఫోన్లలోనూ ఉందండి. మేము ఆపినా ఆగేది కాదు. మేము యాడ్‌కి లక్షలు పోసినా ఇంత నమ్మకం రాదు. మీరు మా దగ్గర రూపాయి తీసుకోలేదు. దీనికున్న విలువంతా అదే.”

నర్సింగం నీళ్ల గ్లాసు అలాగే కింద పెట్టి లేచాడు. బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక జంట టీవీ చూస్తూ నిలబడి ఉంది. అతని బట్టల నిండా ఓపెన్‌కాస్టు గని దుమ్ము, కాళ్లకు తెగిన చెప్పులు. అతని భార్య టీవీలోని మనిషినీ ఎదురుగా ఉన్న మనిషినీ మార్చి మార్చి చూసి గుర్తుపట్టింది. “కాకా, నువ్వే గదా. ఈ జోడు నిజంగ మంచిదేనా? నువ్వు చెప్తె కొంటం” అంది.

“కాదు బిడ్డా” అన్నాడు నర్సింగం. ఓపికగా మొత్తం చెప్పాడు. దెబ్బ తగిలిన కాలు, బరువు మోసిన కాలు, డెబ్బై ఒకటి, యాభై రెండు. ఆమె శ్రద్ధగా వింది, నడిచి చూపిస్తే చూసింది. ఆయన రెండో మాటను అక్షరం అక్షరం నమ్మిన మొదటి మనిషి ఆమె. మొగుడి మోచేయి పట్టి వెనక్కి లాగింది. “అయితె మొగిలి జోడే కొందాం. యాడుంటది కాకా ఆయన దుకాణం?”

నర్సింగం నోరు తెరిచాడు. పాత గని గేటు వైపు చెయ్యి కూడా ఎత్తాడు. తర్వాత దించేశాడు.

“ఇప్పుడు లేదు బిడ్డా” అన్నాడు.

ఆమె ఇంకాసేపు ఆయన వంక చూసింది, ఇంకేదైనా చెబుతాడేమోనని.  మొగుడికి రెండో షిఫ్టు టైమవుతోంది. ఇద్దరూ షోరూము లోపలికి వెళ్లారు.